కత్తెర, నల్ల కాగితం, టెలివిజన్: లోట్టే రైనిగర్ గురించి పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో లోట్టే రైనిగర్ గురించి ఒక పేజీ పరిచయం వేశాం. నల్ల కాగితంతో బొమ్మలు కత్తిరించి, వాటికి కీళ్ళు కట్టి, ఫ్రేము తర్వాత ఫ్రేము ఫొటో తీస్తూ సినిమాలు చేసిన జర్మన్ కళాకారిణి ఆమె. 1950లలో లండన్‌లో స్థిరపడి టెలివిజన్ కోసం వరసగా పిల్లల కథలు తీశారని అందులో రాశాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగం ఆమె జీవితం గురించి అడిగాయి. మిగతా సగం "ఇంట్లో చేసి చూడాలంటే ఎలా?" అని. స్టాప్ మోషన్ నేర్పే మా నిపుణులు రెండింటికీ కలిపి జవాబులు ఇస్తున్నారు.

ప్రశ్న: రైనిగర్ అనగానే అందరూ 1926 నాటి సినిమా గురించే చెబుతారు. మీరేమో టెలివిజన్ యానిమేషన్‌కు తొలితరం మనిషి అన్నారు. ఏది నిజం? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

రెండూ నిజమే. ఆ రెండింటి మధ్య పాతికేళ్ళకు పైగా నడిచిన కథ ఉంది.

ఆమె 1899 జూన్ 2న బెర్లిన్ పక్కన షార్లాటెన్‌బర్గ్‌లో పుట్టారు. చిన్నప్పటి నుంచీ చేతిలో కత్తెరే. మాక్స్ రైన్‌హార్ట్ నాటకశాలలో చేరి, అక్కడి నటుల ఆకారాలను కాగితంలో కత్తిరిస్తుండగా పాల్ వెగెనర్ అనే నటుడు, దర్శకుడు ఆ చేతివాటం గమనించారు. 1918లో తన సినిమాకు టైటిల్ కార్డుల మీద నీడబొమ్మలు చేయించుకున్నారు, చెక్క ఎలుకలను ఫ్రేము ఫ్రేముగా కదిలించే పనీ అప్పగించారు. మరుసటి ఏడు ఆమె సొంతంగా తొలి చిన్న సినిమా తీశారు. 1921లో కార్ల్ కోహ్‌ను పెళ్ళి చేసుకున్నారు. తర్వాత నలభై ఏళ్ళు ఆమె టేబుల్ మీద కెమెరా పని చాలావరకు ఆయనదే.

1923లో లూయీ హాగెన్ అనే బ్యాంకరు దగ్గర పెద్ద ఎత్తున ముడి ఫిల్ము ఉంది. జర్మనీలో డబ్బు విలువ గంటగంటకూ పడిపోతున్న రోజులవి, సరుకు కొని పెట్టుకుంటే మేలని ఆయన కొన్నారు. దానితో పెద్ద సినిమా తీయమని అడిగి, పోట్స్‌డామ్‌లో తన గ్యారేజీ మీది గది స్టూడియోగా ఇచ్చారు. మూడేళ్ళు పట్టిన ఆ సినిమాయే 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు'.

ఆ పని జరుగుతున్నంత కాలం హాగెన్ గారి కొడుకు పిల్లవాడు. అతని పేరూ లూయీయే. నాజీల కాలంలో ఆ యూదు కుటుంబం చెల్లాచెదురైంది, ఆ అబ్బాయి ఇంగ్లండు చేరి బ్రిటిష్ సైన్యంలో పోరాడాడు. 1953లో లండన్‌లో 'ప్రిమ్‌రోజ్ ప్రొడక్షన్స్' అనే సంస్థ పెట్టి రైనిగర్‌తో టెలివిజన్ సినిమాలు తీయించింది ఆ కొడుకే. 1953 నుంచి 1955 వరకు పదికి పైగా వచ్చాయి, ఒక్కోటి సుమారు పది నిమిషాలు. సిండ్రెల్లా, థంబెలీనా, కప్ప రాకుమారుడు, హాన్సెల్ గ్రెటెల్, చీమ మిడత, బూట్లు తొడుక్కున్న పిల్లి లాంటి కథలు. బీబీసీకీ అమెరికా టెలివిజన్‌కూ ఉద్దేశించి తీసినవి. వాటిలో 'ధైర్యశాలి దర్జీ' కథకు 1955లో వెనిస్ ఉత్సవంలో టెలివిజన్ విభాగంలో సిల్వర్ డాల్ఫిన్ బహుమతి వచ్చింది.

సినిమా చరిత్ర పుస్తకాలు ఈ భాగాన్ని రెండు లైన్లలో దాటేస్తాయి. మాకైతే నేర్చుకునే వాళ్ళకు ఇదే అసలు పాఠ్యపుస్తకం అనిపిస్తుంది. 'అహ్మద్' చూస్తే నోరు తెరుచుకుని ఉండిపోతాం. టీవీ కథలు చూస్తే మాత్రం ఏ బొమ్మకు ఎన్ని కీళ్ళు పెట్టారో, ఒకే చెట్టును ఎన్ని సీన్లలో వాడారో లెక్కపెట్టుకోవచ్చు.

ప్రశ్న: ప్రపంచంలో మొట్టమొదటి పూర్తి నిడివి యానిమేషన్ సినిమా ఆమెదేనా? డిస్నీది కాదా? (ఖమ్మం)

డిస్నీ తొలి పెద్ద సినిమా 1937లో వచ్చింది, 'అహ్మద్' దానికంటే పదకొండేళ్ళు ముందు. అయితే "మొట్టమొదటిది" అనకండి. అర్జెంటీనాలో కిరీనో క్రిస్టియానీ 1917లోనే ఒకటి తీశారు, దాని ప్రతులు మిగల్లేదు. కాబట్టి "ఇప్పటికీ చూడగలిగేవాటిలో అన్నిటికంటే పాతది" అనడం సరైన మాట. పొరలు పొరలుగా గాజుపలకలు పేర్చి లోతు చూపించే పద్ధతిలోనూ అంతే. డిస్నీ మల్టీప్లేన్ కెమెరా 1937 నాటిది, రైనిగర్ బృందం 1920లలోనే గాజు అంతస్తుల మీద పనిచేసింది. ఆ బృందంలో బెర్తోల్డ్ బార్తోష్, వాల్టర్ రుట్‌మన్ లాంటి దిగ్గజాలున్నారని మరవకూడదు.

ప్రశ్న: పెద్ద సినిమా తీసిన మనిషి చిన్న టీవీ కథలకు ఎందుకు దిగారు? అవకాశాలు లేకనా? (హైదరాబాద్)

"దిగారు" అనే మాటతో మాకు పేచీ ఉంది. సరే, కారణాలు చూద్దాం.

హిట్లర్ వచ్చాక జర్మనీలో ఉండటం ఆ దంపతులకు ఇష్టం లేదు. కానీ ఏ దేశమూ శాశ్వతంగా ఉండనివ్వలేదు. వీసా ఉన్నన్నాళ్ళు పారిస్‌లో, లండన్‌లో, తర్వాత రోమ్‌లో. 1944లో తల్లికి జబ్బు చేయడంతో బెర్లిన్ తిరిగి రావాల్సొచ్చింది. 1949లో లండన్ చేరాక గానీ కుదురు దొరకలేదు. అక్కడ మొదట తపాలా శాఖ లాంటి ప్రభుత్వ విభాగాలకు ప్రచార చిత్రాలు చేశారు. ఉత్తర లండన్ న్యూ బార్నెట్‌లోని 'అబ్బే ఆర్ట్స్ సెంటర్' అనే కళాకారుల కాలనీ ఇల్లయింది. అప్పుడొచ్చింది టెలివిజన్.

1953 జూన్‌లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం చూడటానికి బ్రిటన్‌లో జనం ఎగబడి టీవీలు కొన్నారు. 1955 సెప్టెంబరులో రెండో చానెల్ ఐటీవీ మొదలైంది. పిల్లల కార్యక్రమాలు కావాలి, త్వరగా కావాలి, చవగ్గా కావాలి. అప్పటి బ్రిటిష్ టీవీ బొమ్మ నలుపు తెలుపుల్లో 405 గీతలతో ఏర్పడేది. బూడిదరంగు ఛాయల్లో గీసిన బొమ్మలు ఆ తెర మీద అలుక్కుపోతాయి. తెల్లటి వెలుగు మీద నల్లటి ఆకారం మాత్రం గది అవతలి నుంచి చూసినా తెలుస్తుంది. పైగా సెల్ యానిమేషన్‌కు, అంటే పారదర్శకమైన రేకుల మీద ప్రతి కదలికనూ గీసే పద్ధతికి, గీసేవాళ్ళు, ఇంకు వేసేవాళ్ళు, రంగులు నింపేవాళ్ళు కలిసి ఒక దండు కావాలి. ఇక్కడ బొమ్మ ఒక్కసారి కత్తిరిస్తే చాలు, ప్రతి ఫ్రేముకూ మళ్ళీ గీయనక్కర్లేదు.

ఇంకో లాభం చాలామంది గమనించరు. ఈ టీవీ కథలను ఒక గొంతు చెబుతూ ఉంటుంది, బొమ్మలు పెదాలు కలపవు. అందువల్ల వ్యాఖ్యానం మారిస్తే చాలు, సినిమా ఇంకో దేశానికి వెళ్ళిపోతుంది. తెలుగులో పిల్లల కథలు తీయాలనుకునేవాళ్ళు పెదాల కదలిక కోసం పడే తిప్పల్లో సగం ఇలా తప్పించుకోవచ్చు.

ప్రశ్న: పది నిమిషాల సినిమాకు ఎన్ని ఫొటోలు, ఎన్ని రోజులు? (తిరుపతి)

సెకనుకు 24 ఫ్రేముల లెక్కన పది నిమిషాలంటే 14,400 ఫ్రేములు. ఒక్కో భంగిమను రెండు ఫ్రేములు పట్టి ఉంచితే 7,200 కదలికలు. రోజుకు పది సెకన్ల నిడివి పూర్తి చేయగలిగితే 60 పనిదినాలు, అదీ బొమ్మలూ సెట్లూ సిద్ధంగా ఉంటే. చేయి తిరిగినవాళ్ళకు కూడా పది సెకన్లంటే మంచి రోజు కిందే లెక్క. రెండు మూడేళ్ళలో పదికి పైగా సినిమాలు ఎలా వచ్చాయంటే కొంత పాత ఖాతా ఉంది. సిండ్రెల్లాను ఆమె 1922లోనే ఒకసారి తీశారు, 1954లో తీసింది రెండోసారి. అల్లావుద్దీన్, మాయగుర్రం 'అహ్మద్'లో వచ్చిన కథలే. ఏ సీను ఎంతసేపు నిలుస్తుందో, ఎక్కడ పిల్లలు నవ్వుతారో ముందే తెలుసు.

మీరు మొదటిసారి చేస్తుంటే సెకనుకు 12 ఫొటోలు పెట్టుకోండి. ఒక నిమిషానికి 720. తొలి ప్రయత్నం ముప్పై సెకన్లు దాటనివ్వకండి.

ప్రశ్న: బొమ్మ ఎలా తయారుచేయాలి? నేను చార్టు పేపరుతో చేస్తే చెయ్యి కదిపినప్పుడు ఒళ్ళంతా కదులుతోంది, మోచేతి దగ్గర వెలుతురు సందు కనిపిస్తోంది. (డ్రాయింగ్ టీచర్, నంద్యాల)

మీరు చెప్పినవి రెండు వేర్వేరు లోపాలు. మొదటిది కీలు బిగువు వల్లా బొమ్మ తేలిక వల్లా, రెండోది కత్తిరింపు వల్లా.

మామూలు చార్టు ఈ పనికి పల్చన. 250 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు అని కాగితం బరువు చెప్పే కొలత) నల్ల అట్ట తీసుకోండి. ముందు పక్కవాటు బొమ్మ గీయండి, ఎత్తు 20 సెంటీమీటర్లు. నీడలో ముఖం ఎదురుగా ఉంటే ఒట్టి గుండ్రటి మచ్చ. ముక్కు, గడ్డం, జడ, కొప్పు పక్కనుంచే తెలుస్తాయి. తర్వాత దాన్ని భాగాలుగా విడదీసి గీయాలి: తల, మెడ, ఛాతీ, నడుము ఒక్కొక్కటి, జబ్బ, ముంజేయి, అరచెయ్యి రెండేసి, తొడ, పిక్క, పాదం రెండేసి. మొత్తం 16 ముక్కలు. లంగా లేక చీర కట్టిన బొమ్మకు తొడలు అక్కర్లేదు, కుచ్చిళ్ళను రెండు మూడు అడ్డముక్కలుగా చేస్తే నడకలో ఊగుతాయి.

వెలుతురు సందు రాకుండా ఉండాలంటే కీలు దగ్గర రెండు ముక్కల చివరలూ ఒకే కొలత అర్ధవృత్తాలుగా ఉండాలి, ఆ వృత్తం కేంద్రంలోనే రంధ్రం పడాలి. రూపాయి నాణెం కంటే చిన్న సీసా మూత ఏదైనా పెట్టి రెండు ముక్కల మీదా గీయండి. ఒకదాని మీద ఒకటి పెట్టి ఎటు తిప్పినా గుండ్రం గుండ్రంలోనే కూర్చుంటుంది, ఎక్కడా నొక్కు పడదు. మీ బొమ్మలో మోచేయి చివర చతురస్రంగా కోసి ఉంటారు, మడిచినప్పుడు ఆ మూలే బయటికొచ్చి పక్కన సందు ఇస్తుంది.

రంధ్రం దబ్బనంతో వద్దు, అది అట్టను చింపుతుంది. సన్నటి సూది చాలు. సన్నటి రాగి తీగ దూర్చి, రెండు వైపులా దోమల చక్రం చుట్టలా చిన్నగా చుట్టి వేలితో అణచండి. కీలు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. బొమ్మ చేయి పైకెత్తి పెట్టి, మొత్తం బొమ్మను నిలువుగా పట్టుకోండి. చేయి మెల్లగా దిగితే కీలు బాగుంది. టపీమని పడితే వదులు, తీగ చుట్టను అణచాలి. అలాగే నిలబడిపోతే బిగువు, తీగ కొంచెం విప్పాలి. టేబుల్ మీద వదులు కీలు మరీ ప్రమాదం, మీ చేయి గాలికే జరిగిపోతుంది.

ఇక బరువు. రైనిగర్ నల్ల అట్టతో పాటు సన్నటి సీసం రేకు వాడేవారు. దానివల్ల బొమ్మ గాజుకు అంటిపెట్టుకుని పడుకుంటుంది, అంచులు లేవవు. మీరు సీసం ముట్టుకోకండి, బడిలో అసలే వద్దు, విషం. ఛాతీకీ నడుముకూ వెనక ఒక్కో నాణెం, కాళ్ళకూ చేతులకూ అదే అట్ట రెండో పొర అంటించండి. వెలుతురు కింద నుంచి వస్తుంది కాబట్టి కెమెరాకు నల్లటి ఆకారమే కనిపిస్తుంది, వెనక ఏమి అంటించారో తెలియదు. నాణెం మెరవకుండా పైన నల్ల కాగితం వేయండి. నీళ్ళ జిగురుతో అట్ట వంకర తిరుగుతుంది, రెండు వైపులా అంటుకునే టేపు నయం.

కత్తిరించేటప్పుడు కత్తెర పట్టిన చేయి దాదాపు కదలకుండా ఉండి, కాగితం పట్టిన చేయే తిరగాలి. ముందు లోపలి రంధ్రాలు, నగల నగిషీలు, తర్వాత బయటి గీత. వరస తప్పితే సన్నటి మెడ తెగుతుంది.

దగ్గరి షాట్లకు ఇదే బొమ్మను కెమెరా దగ్గరికి జరిపి తీయకండి, కీళ్ళు బయటపడతాయి. తలా భుజాలూ మాత్రమే ఉన్న పెద్ద బొమ్మ విడిగా చేసుకోవాలి. రైనిగర్ ఒకే పాత్రను రెండు మూడు కొలతల్లో చేసుకునేవారు.

ప్రశ్న: టేబులు, లైటు, ఫోను ఎలా అమర్చుకోవాలి? వీడియోలో వెలుతురు మిణుకు మిణుకుమంటోంది. (కర్నూలు, ఇంజినీరింగ్ విద్యార్థి)

రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం గాజుపలక తీసుకుని అంచులు అరగదీయించండి. రెండు స్టూళ్ళ మధ్య గానీ చెక్క ఫ్రేము మీద గానీ పెట్టండి. గాజు అడుగున బటర్ పేపరు పరిచి అంటించాలి. దానికి అడుగు దిగువన ఎల్‌ఈడీ ప్యానెల్. దగ్గరగా పెడితే మధ్యలో తెల్లటి మచ్చ, అంచుల్లో చీకటి వస్తాయి. రైనిగర్ కాలంలో బల్బుల వేడికి కాగితాలు ముడుచుకునేవి, ఆ బాధ మీకు లేదు.

ఫోను గాజుకు రెండడుగుల ఎత్తున, లెన్సు సూటిగా కిందికి చూసేలా బిగించండి. మిణుకుకు నాలుగు కారణాలుంటాయి, ఒక్కోటీ కొట్టేస్తూ రండి.

ఆటో ఎక్స్‌పోజర్ మొదటి నిందితుడు. బొమ్మ జరిగినప్పుడల్లా ఫోను వెలుతురు సరిదిద్దుకుంటుంది. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి, స్టాప్ మోషన్ స్టూడియో లాంటి యాప్‌లలో ఇది కుదురుతుంది. రెండోది కరెంటు: మన సరఫరా 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీ సెకనుకు వందసార్లు తగ్గి పెరుగుతుంది. షట్టరు సెకనులో 50వ వంతు గానీ 100వ వంతు గానీ పెడితే ఆ తేడా కలిసిపోతుంది. మూడోది ఓల్టేజి. సాయంత్రం పూట ఇంట్లో మోటారు వేసినప్పుడల్లా లైటు తగ్గుతుంది. పవర్ బ్యాంకుతో వెలిగే యూఎస్‌బీ ప్యానెల్ వాడితే ఆ గొడవ పోతుంది. నాలుగోది మీరే. తెల్ల చొక్కా వేసుకుని వంగితే గాజులో మీ నీడ మెరుస్తుంది. ముదురు రంగు చొక్కా వేసుకోండి, గదిలో మిగతా లైట్లు ఆర్పండి, కిటికీకి దుప్పటి కట్టండి. ఫోను ప్రతిబింబం పడకుండా లెన్సు కంత మాత్రం వదిలి నల్ల అట్ట తొడగండి.

ఫ్యాను మాట వేరే చెప్పాలా? ఆపేయాల్సిందే. వేసవిలో తెల్లవారుజామున పని పెట్టుకోండి. ఫొటో తీయడానికి తెర మీద వేలు పెట్టకండి, ఫోను ఊగుతుంది. బ్లూటూత్ రిమోట్ గానీ ఇయర్‌ఫోన్ బటన్ గానీ సరిపోతుంది.

దృశ్యం వెనక కొండలు, ఆకాశం కోసం ట్రేసింగ్ పేపరు పొరలు వాడండి. ఒక పొర లేత బూడిద, రెండు పొరలు మరికొంచెం, నాలుగైదు పొరలైతే ముదురు. దూరపు కొండకు ఒకటి, దగ్గరి కొండకు మూడు. అంచులు కత్తెరతో కాక చేత్తో చింపితే మబ్బులా మెత్తగా వస్తాయి. బొమ్మను జరిపితే ఈ కాగితాలు కూడా జరుగుతాయి, అందుకే నేపథ్యం మీద ఇంకో 3 మిల్లీమీటర్ల గాజు పెట్టి దాని మీద బొమ్మను ఉంచండి. పాత్ర నడుస్తుంటే నేపథ్యం వెనక్కి పోవాలా? ఫ్రేముకు దగ్గరి చెట్లు 4 మిల్లీమీటర్లు, మధ్య కొండ 2, దూరపు కొండ 1 జరపండి. లోతు దానంతటదే వస్తుంది. అడుగున ఒక గాజుస్కేలు అంటించి కొలవండి, కంటి అంచనా ఇరవయ్యో ఫ్రేముకు తప్పుతుంది.

ప్రశ్న: మా బొమ్మ నడవదు, మంచు మీద జారినట్టు పోతుంది. (రాజమహేంద్రవరం, ఎనిమిదో తరగతి విద్యార్థులు)

మీరు ముందు ఒంటిని జరిపి తర్వాత కాళ్ళు సర్దుతున్నారు. తిరగేయండి. నేల మీద ఆనిన పాదం కదలకూడదు. దాన్ని ఎడమచేతి వేలితో నొక్కిపట్టి, కుడిచేత్తో నడుము ముందుకు తోయండి. ఆ పాదం ఉన్నచోట గాజు అంచున పెన్సిల్ గుర్తు పెట్టుకోండి.

20 సెంటీమీటర్ల బొమ్మకు అడుగు 6 సెంటీమీటర్లు అనుకుందాం. సెకనుకు 12 ఫొటోలైతే అడుగుకు ఆరు, అంటే నడుము ఫొటోకు ఒక సెంటీమీటరు కదలాలి. రెండు కాళ్ళు ఒకదాన్నొకటి దాటే మూడో ఫొటోలో నడుము 3 మిల్లీమీటర్లు పైకి లేవాలి, కాళ్ళు బాగా చాపుకున్నప్పుడు దిగాలి. ముసలి పాత్రకు అడుగుకు తొమ్మిది, పది ఫొటోలు. నడక మొదలెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ ఒక్కసారిగా వద్దు: 2 మిల్లీమీటర్లు, 5, 8, ఆ తర్వాత 10.

ఇంకోటి. ఏదైనా ముఖ్యమైన సైగ అయ్యాక ఆరు నుంచి ఎనిమిది ఫొటోలు బొమ్మను ముట్టుకోకండి. చూసేవాళ్ళకు అర్థం కావడానికి ఆ అర సెకను కావాలి. కదలిక మీద మోజుతో కొత్తవాళ్ళందరూ దీన్ని మింగేస్తారు.

ప్రశ్న: ఇదంతా మన తోలుబొమ్మలాటే కదా! ఆమె మన దగ్గర్నుంచి నేర్చుకున్నారా? (ధర్మవరం)

ఆమె పెరిగింది యూరప్‌లో పక్కవాటు ముఖాలు నల్ల కాగితంలో కత్తిరించే అలవాటులో, చైనా నీడల ఆట పేరు మోగుతున్న నాటకశాలల మధ్య. ఆమె నీడల రంగస్థలం మీదా నీడల సినిమా మీదా 1970లో ఒక పుస్తకం రాశారు, ఆసియా సంప్రదాయాల మీద ఆమెకు గౌరవం ఉంది. ఆంధ్ర నుంచి నేరుగా నేర్చారనడానికి ఆధారం లేదు, అననూ వద్దు. చుట్టరికం మాత్రం ఉంది.

తేడాలే ఆసక్తికరం. మన తోలుబొమ్మ మేకతోలు గీకి, వెలుతురు దూరేలా పల్చన చేసి రంగులు వేసింది. తెర మీద పడేది రంగుల నీడ. ఆమె బొమ్మ పూర్తి నలుపు. మన బొమ్మ నిలువుగా తెరకు ఆనుకుని ఉంటుంది, మధ్య బద్ద ఒక చేతిలో, చేతుల పుల్లలు ఇంకో చేతిలో. కాళ్ళు వాటంతటవి వేలాడి ఊగుతాయి, సగం నటన భూమ్యాకర్షణే చేసిపెడుతుంది. టేబుల్ మీద పడుకున్న బొమ్మకు ఆ సాయం లేదు. ఊగాల్సిన జడ, కుచ్చు, పాదం ప్రతిదీ ప్రతి ఫ్రేములోనూ మీరే ఊపాలి. తోలుబొమ్మలాట తెలిసినవాళ్ళు యానిమేషన్‌కు వచ్చినప్పుడు మొదట తడబడేది ఇక్కడే. కేతిగాడి గంతు తెర మీద మణికట్టు ఒక్క విసురు. టేబుల్ మీద అది పదిహేను ఫొటోలు.

తాళం విషయంలో కూడా. ఆటలో పాటా తాళాలూ బొమ్మతో కలిసే నడుస్తాయి, ఆడించేవాడు అప్పటికప్పుడు సర్దుకుంటాడు. సినిమాకు ముందే లెక్క కట్టాలి. రైనిగర్ 1935లో మోజార్ట్ సంగీతానికి, ఆయన ఒపేరాలోని పక్షులు పట్టే పాత్ర పాపగేనో కథ తీశారు, అందులో కదలిక స్వరానికి అతికినట్టుంటుంది. మీ పాట నిమిషానికి 90 దెబ్బల వేగమైతే, సెకనుకు 12 ఫొటోల లెక్కన దెబ్బకు 8 ఫొటోలు. 120 దెబ్బలైతే 6. భాగహారం తెగని వేగమైతే పాటనే కొంచెం సర్దించుకోండి.

మీ ఊరికి దగ్గర్లోనే నిమ్మలకుంట ఉంది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరి కళాకారుల దగ్గర చిన్న తోలుబొమ్మ కొనుక్కుని లైట్ టేబుల్ మీద పెట్టి చూడండి, రంగులు అద్భుతంగా వస్తాయి. ఇంట్లో తాతల నాటి బొమ్మలుంటే మాత్రం ఈ ప్రయోగానికి తీయకండి. పాత తోలు వంచితే పెళుసుగా విరుగుతుంది.

ప్రశ్న: తర్వాత ఆమె ఏమయ్యారు? (వరంగల్)

1963లో కార్ల్ కోహ్ పోయారు. చాలాకాలం సినిమా తీయలేదు. 1970ల్లో జర్మనీ ఆమెను మళ్ళీ గుర్తించింది: 1972లో ఫిల్మ్‌బాండ్ ఇన్ గోల్డ్ పురస్కారం ఇచ్చింది. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు పిలిస్తే వెళ్ళి 1975లో ఒక మధ్యయుగపు ప్రేమకథ తీశారు, అప్పటికి 76 ఏళ్ళు. అందులో రంగుల పొరలు చూడండి, నలుపు తెలుపు టీవీ రోజుల పొదుపు ఒక్కసారిగా వదిలేసినట్టుంటుంది. 1981 జూన్ 19న ట్యూబింగెన్ దగ్గర డెట్టెన్‌హౌజెన్‌లో మరణించారు. ట్యూబింగెన్ నగర మ్యూజియంలో ఆమె బొమ్మలు ఇప్పటికీ చూడొచ్చు.

ఒక చిన్న ముచ్చట: ప్రిమ్‌రోజ్ కథలకు సంగీతం ఇచ్చిన ఫ్రెడీ ఫిలిప్స్ 1960ల్లో బీబీసీ పిల్లల బొమ్మల సీరియళ్ళకు కూడా సంగీతం చేశారు. ఒక తరం బ్రిటిష్ పిల్లల చెవుల్లో ఆ గిటారు ఉంది.

ప్రశ్న: మన దేశంలో ఇలా టీవీ యానిమేషన్‌లో తొలితరం మహిళలు ఎవరు? (గుంటూరు)

ముందు విజయా ములే పేరు చెప్పాలి (1921–2019). 'ఏక్ అనేక్ ఔర్ ఏక్‌తా' దర్శకురాలు ఆమే. ఫిల్మ్స్ డివిజన్ కోసం 1974లో తీసిన ఈ చిన్న చిత్రానికి యానిమేషన్ భీమ్‌సేన్‌ది. దూరదర్శన్ ఏళ్ళ తరబడి వేసింది కాబట్టి నలభై దాటిన తెలుగువాళ్ళకూ "హింద్ దేశ్ కే నివాసీ" వస్తుంది. ఆమె విద్యా టెలివిజన్ మనిషి, పిల్లలకు ఏది ఎంతసేపు చూపించాలో తెలిసిన మనిషి. ఆ చిత్రాన్ని శబ్దం ఆపేసి చూడండి, బొమ్మల్లో కథ ఎంత తేటగా ఉందో తెలుస్తుంది.

ప్రశ్న: రైనిగర్ టీవీ కథలకు తెలుగు వ్యాఖ్యానం చెప్పి యూట్యూబ్‌లో పెట్టుకోవచ్చా? (విశాఖపట్నం)

వద్దండీ. జర్మన్ చట్టం ప్రకారం కర్త మరణించాక 70 ఏళ్ళు హక్కు ఉంటుంది, అంటే ఆమె విషయంలో కనీసం 2051 చివరి దాకా. సంగీతానికి వేరే హక్కుదారులుంటారు, పునరుద్ధరించిన ప్రతులకు వేరే ఒప్పందాలుంటాయి. యూట్యూబ్‌లో పెట్టింది అన్ని దేశాల్లోనూ కనిపిస్తుంది గనక మన దేశపు చట్టం ఒక్కటే చూసుకుంటే సరిపోదు. క్లాసులో చూపించి మాట్లాడుకోవడానికి అధికారికంగా విడుదలైన డీవీడీ గానీ ప్రతి గానీ తెచ్చుకోండి. కథ కావాలంటే చీమా మిడతా కథ ఎవరి సొత్తూ కాదు. బొమ్మలు మీవి కత్తిరించుకుని, వ్యాఖ్యానం మీ గొంతుతో చెప్పుకోండి. మిడతకు వెనక కాలు మూడు ముక్కలు పెట్టడం మరవకండి, రెండే పెడితే ఎగరదు.